స్టేడియం బాండు, మరింబా బండి, ఏడో తరగతి ఫారం

మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త ఫుట్‌బాల్ (సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) స్టేడియం కోసం బాండు, అంటే ఓటర్లు ఒప్పుకుంటే తెచ్చి ఇంటి పన్నుతో తీర్చే అప్పు, పెడతారట అన్న మాట బయటికి రాగానే మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకటే రచ్చ. "టీచర్లకి జీతాలు పెంచడానికి డబ్బుల్లేవంటారు, దీనికెక్కడివి?" అని ఒకరు, "ఇంటి పన్ను ఇప్పటికే నడ్డి విరుస్తోంది" అని ఇంకొకరు. ఒకాయనైతే "మూడు గంటల ఆటలో పదకొండు నిమిషాలు ఆడతారు, మిగతాదంతా బీరు ప్రకటనలు, వీళ్ళకి ఎవరు చెప్పాలి" అని తేల్చేశారు. తమాషా ఏంటంటే అంత గట్టిగా వాదించినవాళ్ళలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళం, నాతో సహా. పన్ను మాత్రం అందరం కడతాం కాబట్టి అరిచే హక్కు ఉందని మా నమ్మకం.

గ్రూపులో ఏదైనా పొడుగ్గా రాస్తే మధ్యలో ఎవరో గుడ్‌మార్నింగ్ గులాబీ పెడతారు, చర్చ అక్కడితో సరి. అందుకని ఇక్కడ రాస్తున్నా. నా అభిప్రాయం ఇది: ఈ హెల్మెట్ల ఆటకి అమెరికాలో ఇంత జనం ఉన్నది ఆట గొప్పదవడం వల్ల కాదు, టీవీ వాళ్ళ మాయ వల్ల మాత్రమే కూడా కాదు. ఊళ్ళో వీలైనంత మందికి తలా ఒక పని అప్పజెప్పే ఆట ఇది. పనుంది కాబట్టి పిల్ల వస్తుంది, పిల్ల కోసం అమ్మానాన్నా వస్తారు, వాళ్ళతో అమ్మమ్మా తాతయ్యా వస్తారు, అలా స్టేడియం నిండుతుంది. ఇందులో నన్ను ఇబ్బంది పెట్టే సంగతి కూడా ఒకటుంది, దానికి తర్వాత వస్తాను.

శుక్రవారం సాయంత్రం లెక్క

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా పెద్దమ్మాయి హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. దాంతో ఆగస్టు నుంచి నవంబరు దాకా మా శుక్రవారాలు మావి కావు. నాకు కన్సెషన్ స్టాండ్‌లో, అంటే స్టేడియంలో తినుబండారాలు అమ్మే కొట్టులో డ్యూటీ. గ్లవ్స్ వేసుకుని నాచోస్ ట్రేలో చీజ్ పంపు రెండుసార్లు నొక్కి, పైన హాలపీనో ముక్కలు వేసి అందించడం నా పని. ఫ్రిటో పై అని ఇంకోటి ఉంటుంది. కార్న్ చిప్స్ ప్యాకెట్‌ని పక్కనుంచి చింపి అందులోనే చిల్లీ పోసి చెంచా గుచ్చి ఇస్తారు. మనవాళ్ళ పిల్లలు వచ్చి "ఆంటీ, చిల్లీలో బీఫ్ ఉందా?" అంటారు, ఉందంటే మొహం చిన్నబుచ్చుకుని ఊరగాయ దోసకాయ కొనుక్కుని పోతారు.

మా ఆయన డ్యూటీ ఇంకా బరువైనది. హాఫ్‌టైమ్‌లో బ్యాండ్ వాళ్ళ మరింబాలు, వైబ్రఫోన్లు, గాంగులు లాంటి బరువైన వాయిద్యాలని చక్రాల బండ్ల మీద మైదానంలోకి తోసుకెళ్ళి, షో అవగానే మళ్ళీ బయటికి లాగేయాలి. ఆలస్యమైతే సొంత జట్టుకే పెనాల్టీ పడొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ప్లంబింగ్ కాంట్రాక్టర్, ఒక పళ్ళ డాక్టరు, అందరూ ఒకే రంగు టీషర్టుల్లో సిద్ధంగా నిలబడతారు. రెండో క్వార్టర్ చివర్లో మా ఆయన మొహంలో ఉండే టెన్షన్ ప్రొడక్షన్ రిలీజ్ రోజున కూడా చూడలేదు నేను.

పోయిన ఏడాది మా నాన్న నరసరావుపేట నుంచి వచ్చారు. ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాం. ఆయన ఆట వైపు చూడలేదు. జనాన్ని చూశారు. బ్యాండ్ పిల్లలు రెండువందల పైచిలుకు, వరసగా డాన్స్ చేసే డ్రిల్ టీమ్ అమ్మాయిలు, చీర్ లీడర్లు, జెండాలు తిప్పేవాళ్ళు, నీళ్ళ సీసాలు అందించేవాళ్ళు, వీడియో తీసే పిల్లలు, పార్కింగ్ దగ్గర టార్చిలైటు ఊపే తండ్రులు. ఆటగాళ్ళే ఒక వైపు డెబ్బై ఎనభై మంది. కాసేపటికి "ఇది కోటప్పకొండ తిరునాళ్ళేనమ్మాయ్" అన్నారు. శివరాత్రికి ఊరూరా ప్రభలు, అంటే లైట్లతో అలంకరించిన ఎత్తైన కట్టడాలు, కట్టుకొస్తారు కదా. ఎంత ఎత్తు కట్టాం, పక్కూరి ప్రభ కంటే మనది పెద్దదా కాదా, కరెంటు ఎవరిది, జనరేటర్ ఎవరిది, చందా ఎవరెంత ఇచ్చారు అన్నదే ఏడాది పొడుగునా మాట. కొండెక్కి దర్శనం చేసుకునేవాళ్ళు చేసుకుంటారు, కానీ సగం ఊరు కదిలేది ప్రభ కోసం. నాకు ఆ పోలిక నచ్చింది. అందులోనూ ఖర్చు ఉంది, పోటీ ఉంది, మోసేవాళ్ళు కొందరు, చూసేవాళ్ళు ఇంకొందరు.

"అదే పని బాస్కెట్‌బాల్ చెయ్యలేదా?" అని గ్రూపులో ఒకమ్మాయి అడిగింది, మంచి ప్రశ్నే. చెయ్యలేదు, ఎందుకంటే బాస్కెట్‌బాల్ జట్టులో చోటు పన్నెండు పదిహేను మందికే. సాకర్‌లో అంతకంటే కొంచెం ఎక్కువ. ఫుట్‌బాల్‌లో దాడి చేసే పదకొండు మంది వేరు, ఆపే పదకొండు మంది వేరు, తన్నేవాళ్ళు వేరు, పైగా హైస్కూల్లో వర్సిటీ అనే మొదటి జట్టు కింద జూనియర్ వర్సిటీ, దాని కింద తొమ్మిదో తరగతి జట్లు. ఒళ్ళు భారీగా ఉన్న పిల్లాడికి మిగతా ఆటల్లో ఎక్కడా చోటుండదు, ఇక్కడ ముందు వరసలో అడ్డుగోడలా నిలబడే లైన్‌మన్‌గా వాడు లేనిదే జట్టు నిలబడదు. సన్నగా పరిగెత్తేవాడికి ఒక స్థానం, సాకర్ ఆడే కుర్రాడికి కిక్కర్‌గా ఇంకో స్థానం. దేశం మొత్తం మీద ఏటా ఇంచుమించు పది లక్షల మంది హైస్కూల్ పిల్లలు ఈ ఆట ఆడుతున్నారు, మగపిల్లల ఆటల్లో ఇదే మొదటి స్థానం.

జనం తక్కువైన ఊళ్ళు ఏం చేశాయన్నది నాకు ఇంకా పెద్ద రుజువు. పశ్చిమ టెక్సస్‌లో హైస్కూల్ మొత్తానికి వందమంది పిల్లలు కూడా లేని ఊళ్ళున్నాయి. పదకొండు మంది దొరకరు. వాళ్ళు ఆట మానేయలేదు, ఆటనే కుదించుకున్నారు. ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్ 1934లో నెబ్రాస్కాలో పుట్టింది, మాంద్యం రోజుల్లో చిన్న స్కూళ్ళ కోసం స్టీఫెన్ ఎప్లర్ అనే కోచ్ తయారుచేశాడు. మైదానం వంద గజాలు కాదు, ఎనభై. ఇప్పటికీ టెక్సస్‌లో చిన్న స్కూళ్ళు అలాగే ఆడుతున్నాయి. ఆట మీద మోజే అయితే టీవీలో చూసుకుంటే సరిపోయేది కదా. వాళ్ళకి కావలసింది శుక్రవారం రాత్రి ఊళ్ళో దీపాలు వెలగడం.

హోమ్‌కమింగ్ (పాత విద్యార్థుల్ని పిలిచి చేసే స్కూలు పండగ) వారం సంగతి చెప్పకపోతే మా వీధి ఆడవాళ్ళు ఊరుకోరు. టెక్సస్‌లో ఆ వారం ఆడపిల్లలు "మమ్" తగిలించుకుని స్కూలుకి వెళ్తారు. ఒకప్పుడు నిజం చామంతి పువ్వు, ఇప్పుడు గుడ్డ పువ్వు, దాని చుట్టూ మోకాళ్ళ దాకా వేలాడే రిబ్బన్లు, గంటలు, టెడ్డీబేర్లు, చిన్న లైట్లు. కొంటే వందల డాలర్లు. అందుకని మా డైనింగ్ టేబుల్ మీద గ్లూ గన్‌తో నలుగురు తల్లులం కూర్చుని చేశాం. పూలజడలు కుట్టిన చేతులకి అదేమంత కష్టం కాలేదు. ఆ రాత్రి మాలో ఒక్కరికి కూడా జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ పేరు తెలియదు.

టీవీ మాయ ఎంత?

ఇక పదకొండు నిమిషాల వాదన. అది ఉత్త మాట కాదు, 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కగట్టింది. మూడు గంటలు దాటే ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లో బంతి నిజంగా కదిలేది దాదాపు 11 నిమిషాలే. నాకది లోపంలా అనిపించదు. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య టీ తాగి, అంపైర్‌ని తిట్టి, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే దేశం నుంచి వచ్చిన మనమా ఆ మాట అనేది! ఆగి ఆగి సాగే ఆటలోనే పక్కవాడితో మాట్లాడే వీలుంటుంది. ఆ ఖాళీలో ప్రకటనలు అమ్ముకున్నది టీవీ, కబుర్లు చెప్పుకున్నది జనం, ఎవరి లాభం వాళ్ళకి.

అయినా టీవీ వాటా చిన్నదని అనలేను. 2023లో అమెరికాలో ఎక్కువమంది చూసిన 100 ప్రసారాల్లో 93 ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లే. ఇది దానంతటదే జరగలేదు. 1961లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి, జట్లన్నీ కలిసి ఒకే మూటగా టీవీ హక్కులు అమ్ముకోవచ్చని, కుమ్మక్కు వ్యాపారాన్ని నిషేధించే చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ డబ్బు అన్ని జట్లకీ సమానంగా పంచుతారు. అందుకే లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే లాంటి ఊరి జట్టు న్యూయార్క్ జట్లతో సమానంగా నిలబడగలుగుతోంది. ఆ జట్టుకి కోటీశ్వరుడైన యజమాని లేడు, వాటాదారులే యజమానులు. అదే చట్టంలో ఒక షరతుంది, దాన్ని నేను మా గ్రూపులో అందరికీ చూపించాలనుకున్నా. సెప్టెంబరు రెండో వారం నుంచి డిసెంబరు రెండో వారం దాకా శుక్రవారం సాయంత్రాలూ శనివారాలూ స్కూలు, కాలేజీ మ్యాచ్‌లకి పోటీగా ప్రొఫెషనల్ మ్యాచ్ ప్రసారం చేస్తే ఆ మినహాయింపు వర్తించదు. శుక్రవారం స్కూలుది, శనివారం కాలేజీది, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌ది అన్న పంపకాన్ని చట్టమే కాపాడుతోంది. 2023 నుంచి థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ పెడుతున్నారు, అది కూడా మధ్యాహ్నమే మొదలుపెట్టారు, హద్దు ఎక్కడుందో వాళ్ళకి బాగా తెలుసు.

టీవీ, డబ్బు ఉంటే చాలనుకున్నవాళ్ళకి ఏమైందో కూడా చూడాలి. 2001లో రెజ్లింగ్ వ్యాపారి విన్స్ మెక్‌మాన్, ఎన్‌బీసీ చానెల్ కలిసి ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే కొత్త ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు, ఒక్క సీజన్‌తో మూతపడింది. 2019లో ఏఏఎఫ్ అని ఇంకో లీగ్, సీజన్ పూర్తి కాకుండానే చేతులెత్తేసింది. అదే ఆట, అదే దేశం, టీవీ కూడా ఉంది. అంతెందుకు, 2011లో మన దేశంలోనే ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ప్రకటించారు. పెట్టుబడి పెట్టినవాళ్ళలో షికాగో బేర్స్ మాజీ కోచ్ మైక్ డిట్కా ఉన్నాడు. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేదని ఈ బ్లాగు చదివే హైదరాబాద్ వాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆ జట్టు వెనక ఒక స్కూలు లేదు, బ్యాండ్ లేదు, చీజ్ పంపు నొక్కే అమ్మ లేదు.

నా వాదనకి అడ్డం తగిలేది నెబ్రాస్కా. లింకన్‌లోని యూనివర్సిటీ స్టేడియంలో 1962 నుంచి ప్రతి హోమ్ మ్యాచ్‌కీ టికెట్లు అయిపోతూనే ఉన్నాయి, తొంభై వేల దాకా జనం. వాళ్ళలో ఎంతమందికి చేతిలో పనుంటుంది? అందరూ చూడ్డానికే కదా వచ్చింది. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఆ రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, ఆ ఎర్ర చొక్కా వేసుకోవడమే ఆ రోజు వాళ్ళ పని, టికెట్లు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తాయి. చూడ్డం కూడా ఒక బాధ్యతలా మారిన చోటు అది. మిగతా సగం జవాబు మీరెవరైనా చెప్పండి.

ఇంకో అనుమానం పందేల గురించి. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందెం చట్టబద్ధమైంది. మా టెక్సస్‌లో ఇంకా కాలేదు, కానీ మా ఆఫీసులో ఫాంటసీ లీగ్ (అసలు ఆటగాళ్ళని డ్రాఫ్ట్‌లో ఏరుకుని ఊహాజట్లు కట్టి, వాళ్ళ ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకునే పోటీ) ఉంది, అందులో మనవాళ్ళే సగం. వాళ్ళకి ఊరితో పనిలేదు, స్కూల్‌తో పనిలేదు, డాలస్ ఓడినా ఫరవాలేదు, వాళ్ళ జాబితాలో ఉన్న రిసీవర్ టచ్‌డౌన్ కొడితే చాలు. ఇలాంటివాళ్ళు పెరిగేకొద్దీ నా వాదన బలం తగ్గుతుంది, ఒప్పుకోవాలి.

దెబ్బలు ఎవరి పిల్లలకి

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఒక మ్యాచ్‌లో, మూడో క్వార్టర్‌లో, మా జట్టు కుర్రాడు ఒకడు పడిపోయి లేవలేదు. బ్యాండ్ ఠక్కున ఆగింది. రెండు జట్ల పిల్లలూ మోకాలి మీద కూర్చున్నారు. ట్రైనర్ పరిగెత్తింది, వెనకే తోపుడు బండి లాంటి చిన్న మోటారు కార్ట్. నేను స్టాండ్ కిటికీలోంచి చూస్తున్నా. కుర్రాడి తల్లి మెట్లు దిగి కంచె దాకా వచ్చి రెండు చేతులతో ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది, లోపలికి వెళ్ళనివ్వరు. అయిదు నిమిషాలో ఎంతో. వాడు లేచి ఇద్దరి భుజాల మీద చేతులేసి నడిచాడు, అందరూ చప్పట్లు కొట్టారు, బ్యాండ్ మొదలైంది, నా ముందు లైన్లో ఉన్నాయన "టూ నాచోస్" అన్నాడు.

ఈ ఆట మొదట్నుంచీ ఇంతే. దెబ్బలు శృతిమించడంతో 1905లో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాల్సి వచ్చింది, అయినా ఆ సీజన్ ముగిసేసరికి దాదాపు ఇరవై మంది ఆటగాళ్ళు చనిపోయారు. కొలంబియా యూనివర్సిటీ ఆటే మానేసింది. మరుసటి ఏడాది నిబంధనలు మార్చి, బంతిని ముందుకి విసరడానికి అనుమతిచ్చారు. ఈరోజు మనం చూసి ఈలలు వేసే పొడుగాటి పాసులన్నీ ఆ చావుల తర్వాత వచ్చినవే. 2002లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ చనిపోయినప్పుడు ఆయన మెదడుని పరీక్షించిన డాక్టర్ బెనెట్ ఒమాలు అందులో సీటీఈ అనే జబ్బుని గుర్తించాడు. మళ్ళీ మళ్ళీ తలకి తగిలిన దెబ్బలతో వచ్చేది, బతికుండగా ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించిన పరిశీలనలో 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళలో 110 మందికి ఆ జబ్బు కనబడింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి ఆ నిష్పత్తిని అందరికీ వర్తింపజేయకూడదు, అది పరిశోధకులే చెప్పారు. నాకు గుర్తుండిపోయింది అదే పరిశీలనలోని ఇంకో అంకె. హైస్కూల్ దాకా మాత్రమే ఆడిన 14 మందిలో 3.

మా బ్యాండ్‌లో తెలుగు పిల్లలు బోలెడంత మంది. డ్రిల్ టీమ్‌లో ఉన్నారు, వీడియో తీసేవాళ్ళలో ఉన్నారు. ఫుట్‌బాల్ జట్టులో ఒక్కరూ లేరు. మా పక్క వీధి ఆయన్ని అడిగితే దాపరికం లేకుండా చెప్పారు, "మావాడు ఏడో తరగతిలో ఆడతానని గోల చేశాడండీ, టెన్నిస్‌లో వేసేశాం." టెక్సస్ స్కూళ్ళలో టాకిల్ ఫుట్‌బాల్, అంటే ఎదుటివాణ్ణి పట్టి కింద పడేసే అసలు ఆట, మొదలయ్యేది ఏడో తరగతిలోనే, దానికి అమ్మానాన్నలు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు, దేశ జనాభాలో వాళ్ళు ఏడో వంతు. కాలేజీ ఫీజుకి స్కాలర్‌షిప్ తప్ప వేరే దారి కనబడని ఇంట్లో ఆ ఫారం మీద పెట్టే సంతకం వేరు, ఎస్‌ఏటీ కోచింగ్‌కి డబ్బు కట్టగలిగే మా ఇంట్లో పెట్టే సంతకం వేరు. మేం తిరునాళ్ళకి వెళ్తున్నాం, ప్రభ మోసే భుజం మాత్రం మాది కాదు.

"అయితే అందరూ మానేస్తే సరి" అంటారు గ్రూపులో. నాకు అలా అనిపించడం లేదు. ఈ సబర్బుల్లో ఎదురింటివాళ్ళ పేరు తెలియకుండా పదేళ్ళు గడిపేయొచ్చు. నాకు తెలిసిన తెలుగువాళ్ళు కాని స్నేహితుల్లో చాలామంది ఆ చీజ్ పంపు దగ్గర దొరికినవాళ్ళే. దాన్ని తీసేస్తే ఆ చోటులోకి ఏమొస్తుంది? ఇంకో కాఫీ షాపా?

మరి స్టేడియం కావాలా?

పక్కనే అలెన్ అనే ఊరుంది, అక్కడి స్టేడియం కథ మా చుట్టుపక్కల అందరికీ గుర్తే. 2009లో ఓటర్లు ఆడిటోరియం లాంటివాటితో కలిపి బాండు ఆమోదించారు, 2012లో 18,000 సీట్ల స్టేడియం తెరిచారు, ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు. రెండేళ్ళు తిరక్కుండా కాంక్రీటుకి బీటలు, 2014లో మూసేసి బాగుచేసి 2015లో మళ్ళీ తెరిచారు. దేశమంతా నవ్వింది. ఇప్పుడు వెయ్యి సీట్లు దాటిన స్టేడియం అయితే బాండు ఎన్నికలో విడి ప్రశ్నగా పెట్టాలని 2019లో టెక్సస్ చట్టం చేసింది, మంచి పని. లైబ్రరీ చాటున స్టేడియం దాచడం కుదరదు.

ఓటుంటే నేను అవుననే వేస్తాను. గ్రాడ్యుయేషన్, బ్యాండ్ పోటీలు, అమ్మాయిల సాకర్ అన్నీ అక్కడే జరుగుతాయి. కాకపోతే నాకొక కోరిక ఉంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో టాకిల్ తీసేసి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడించండి. నడుముకి కట్టిన జెండా లాగితే చాలు, తలలు గుద్దుకోనక్కర్లేదు, ఆడపిల్లలూ ఆడొచ్చు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా పెట్టారు దాన్ని. కోచ్‌లు దీనికి ఒప్పుకోరు. చిన్నప్పుడే సరిగ్గా టాకిల్ చెయ్యడం నేర్పకపోతే తొమ్మిదో తరగతిలో ఒళ్ళు పెరిగాక ఇంకా ఎక్కువ దెబ్బలు తగులుతాయి అంటారు. కొట్టిపారేసే మాట కాదు. కానీ రెండేళ్ళ పాటు తగిలే దెబ్బలు తగ్గుతాయన్నది మాత్రం ఖాయం కదా.

ఇదంతా ఫోన్లో చెబుతుంటే నా స్నేహితురాలు మధ్యలో ఆపి, "అదంతా సరే, మీ చిన్నాడు ఏడో తరగతికి వచ్చి ఫారం తెస్తే సంతకం పెడతావా?" అంది. వాడు ఇప్పుడు ఫ్లాగ్ ఆడుతున్నాడు, వేగం ఉంది, హెల్మెట్ పెట్టుకోవాలని మహా సరదా. పెట్టను అన్నాను. "మరి ఆ స్టేడియంలో ఆడేదెవరు?" అంది. అందుకే ఆ ఫారమే మారాలంటున్నాను అన్నాను, ఆవిడ ఒప్పుకున్నట్టు అనిపించలేదు.

బోర్డు మీటింగులో పబ్లిక్ కామెంట్‌కి ఓటుతో పని లేదు, ఈ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు. మనిషికి మూడు నిమిషాలు. నా పేరు రాయించాను. స్టేడియం గురించి మాట్లాడమంటే ఏడో తరగతి గురించి మాట్లాడుతుందేంటి ఈవిడ అనుకుంటారేమో, అనుకోనివ్వండి. గ్రూపులో పదకొండు నిమిషాల లెక్క చెప్పినాయన్ని కూడా రమ్మన్నాను. ఆ రోజు ఫాంటసీ డ్రాఫ్ట్ ఉందట.